నాలుగు నుంచి తొమ్మిది దాకా

నా ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని డాక్టర్లు చెప్పిన ఏడాదే మా ఆయన ఉద్యోగం పోయింది. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి తప్ప రెంటికీ సంబంధం లేదు. కానీ ఆ తర్వాత జరిగినదాన్ని తలచుకుంటే ఆ రెంటినీ విడదీయడం నా వల్ల కావడం లేదు.

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక టౌన్‌హౌస్‌లో అద్దెకుంటాం. కింద గ్యారేజీ, మధ్య అంతస్తులో హాలూ వంటిల్లూ, ఆ పైన పడకగదులు. నేను మెట్లెక్కలేనని తేలాక నా మంచం హాల్లోకి దించారు. కిటికీలోంచి చూస్తే ఎండిపోయిన గోధుమరంగు కొండలు, వాటి ముందు మాలాంటివే వరసగా ఇళ్ళు. రోజంతా నేను చూసేది అదే.

వీసా గడువు దాటకముందే ఆయనకు ఇంకో ఉద్యోగం దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగం. జీతం తక్కువ, ఇన్సూరెన్సుకు మేం కట్టాల్సింది ఎక్కువ. నేను అప్పటికే ఉద్యోగం మానేశాను. ఒక జీతం, ముగ్గురు మనుషులం, ఒక ఆక్సిజన్ మిషన్.

ఆ మిషన్ చిన్న సూట్‌కేసంత ఉంటుంది. గదిలోని గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి సన్నటి గొట్టం గుండా ముక్కుకు పంపుతుంది. మొదట్లో నిద్రపోయేటప్పుడు పెట్టుకుంటే చాలన్నారు. తర్వాత నడిచేటప్పుడు కూడా అన్నారు. ఆ వేసవి వచ్చేసరికి రోజంతా పెట్టుకోమన్నారు. మిషన్ అద్దె ఇన్సూరెన్సు వాళ్ళు కట్టేవారు. దానికయ్యే కరెంటు మాత్రం మేమే కట్టుకోవాలి.

ఆ వేసవిలో మొదటి బిల్లు వచ్చినప్పుడు ఆయన ఫోన్‌లో చూసి పైకీ కిందికీ రెండుసార్లు జరిపారు. తర్వాత, "ఏసీ ఎక్కువ వాడుతున్నట్టున్నాం" అన్నారు.

"ఎండలు అలా ఉన్నాయి మరి."

"అవునవును. ఏసీయే అయ్యుంటుంది."

మిషన్ పేరు ఎత్తలేదు. ఆయన ఎత్తలేదన్న సంగతి నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలుసు. "నీ మిషన్ వల్లే" అని ఒక్కసారి అని ఉంటే నేను దెబ్బలాడేదాన్ని, ఏడ్చేదాన్ని, అక్కడితో పోయేది. ఆయన అలా అనే మనిషి కాదు.

పక్కింట్లో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే, పిల్లలు లేరు. ఆ అమ్మాయి నన్ను అక్కా అంటుంది. ఒక ఆదివారం సర్వపిండి చేసి తెచ్చి, మాటల్లో మా బిల్లు సంగతి విని ఆశ్చర్యపోయింది.

"మీరింకా పాత ప్లాన్‌లనే ఉన్నరా అక్కా? మేం మార్చినం. టైం ప్రకారం రేట్ ఉంటది గదా, దాంట్లకు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా మస్తు రేటు. మిగతా టైంల చీప్. మేం ఎట్లాగూ ఇంటికొచ్చేసరికే ఎనిమిదైతది. బిల్ సగం అయింది."

మా ఆయన వెంటనే లాప్‌టాప్ తీశారు. అప్పటిదాకా మేమున్నది మన ఊళ్ళో శ్లాబులంటారే, అలాంటి పద్ధతి. కొన్ని యూనిట్ల దాకా ఒక రేటు, అది దాటితే పై రేటు. నా మిషన్ ఆగకుండా నడవడం వల్ల మేం నెల మొదటి వారాల్లోనే పై రేటులోకి వెళ్ళిపోతున్నాం. కొత్త పద్ధతిలో ఎన్ని యూనిట్లు వాడామన్నదాని కంటే ఎప్పుడు వాడామన్నదే ముఖ్యం. కరెంటు కంపెనీ వెబ్‌సైట్‌లో ప్లాన్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పేజీ ఒకటి ఉంది. ఇల్లెంత పెద్దది, ఎలక్ట్రిక్ కారుందా, ఈత కొలనుందా, పైకప్పు మీద సోలార్ పలకలున్నాయా అని అడిగింది. అన్నిటికీ జవాబులిచ్చారు. వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే అదే పని. గంటగంటకీ మేం ఎంత వాడుతున్నామో ఆ లెక్కలు అక్కణ్ణుంచే దించుకుని, ఒక్కో ప్లాన్ కింద ఎంతవుతుందో వేసి చూశారు. నాకు తెలిసి ఆ ఏడాది ఆయన అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదు. నా జబ్బుకు ఆయన చేయగలిగింది లేదు, వీసాకు చేయగలిగింది లేదు. ఇది మాత్రం చేతిలో ఉన్న పని.

చివరికి పక్కింటి అమ్మాయి చెప్పిన ప్లాన్‌కే మారాం. ఒకసారి మారితే ఏడాది దాకా మళ్ళీ మారడానికి వీల్లేదని అందులో రాసి ఉంది. ఆయన లెక్క తప్పు కాదు. సాయంత్రాలు జాగ్రత్తగా ఉంటే నిజంగానే తగ్గుతుంది.

అలా మా ఇంట్లో సాయంత్రం నాలుగుకు ఒక కంచె పడింది. మధ్యాహ్నమే వంట అయిపోవాలి. బట్టలు, గిన్నెలు తొమ్మిది దాటాకే మిషన్లలో వేయాలి. మూడింటి నుంచి ఏసీ గట్టిగా నడిపి, ఇల్లు చల్లబరిచి, నాలుగవగానే ఆపేయాలి. ఈ నియమాలన్నీ ఆయన మా అమ్మాయికి ఆటలా నేర్పారు. అప్పటికి దానికి పదకొండేళ్ళు. దానికి అది బాగా నచ్చింది. స్కూల్ నుంచి రాగానే బ్యాగు పడేసి, నాలుగు కాగానే గదిగదికీ తిరిగి లైట్లు, ఛార్జర్లు, ఏసీ అన్నీ ఆపేది.

"నేను ఫోర్ ఓక్లాక్ పోలీస్" అనేది.

"అమ్మ మిషన్ జోలికి మాత్రం వెళ్ళకూడదు తల్లీ. అది రూల్‌లో లేదు" అని వాళ్ళ నాన్న చెప్పారు.

"ఐ నో నాన్నా."

అలా ఇల్లంతా ఆగిపోయేది. ఏసీ ఆగేది, టీవీ ఆగేది, ఫ్యాను కూడా ఆగేది. మిగిలేది నా మిషన్ చప్పుడొక్కటే. నిశ్శబ్దమైన ఇంట్లో అది ఎంత పెద్దగా వినబడేదో చెప్పలేను. అందరూ పస్తుంటే మధ్యలో ఒక్కదాన్నీ కూర్చుని అన్నం తింటున్నట్టు ఉండేది.

ఒకరోజు సాయంత్రం మిషన్ ఆపేశాను.

దీన్ని త్యాగం అని ఎవరూ అనుకోవద్దు. త్యాగం చేసేవాళ్ళకు మనసులో ఏదో వెలుగు ఉంటుందంటారు. నాకు అలాంటిదేమీ లేదు. ఆ ఇంట్లో నేనొక ఖర్చునన్న మాట కాసేపు వినపడకుండా ఉంటే చాలనిపించింది. ఆ మాట ఎవరూ అనలేదు, ఆ చప్పుడే అనేది.

మొదటి పావుగంట ఏమీ తెలియలేదు. తర్వాత నుదురు బిగుసుకున్నట్టయింది. కదిలితే ఆయాసం. నిండుకుండను తొణకకుండా పట్టుకున్నట్టు ఒళ్ళు కదపకుండా కూర్చున్నాను. వేలికి పెట్టుకుని ఆక్సిజన్ శాతం చూసుకునే చిన్న మీటరు పక్కనే ఉంది. పెట్టుకున్నాను. అంకె దిగుతూ ఉంది. తీసి సొరుగులో పడేశాను. కరెంటు పోతే వాడుకోవడానికి పెద్ద సిలిండరు ఒకటి ఉండేది, కానీ దాన్ని ముట్టుకుంటే వాడినట్టు ఆయనకు తెలిసిపోతుంది.

అమ్మాయి వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"అమ్మా, మిషన్ ఎందుకు ఆఫ్ అయింది?"

"నేనే ఆపాను. కాసేపు రెస్ట్ ఇస్తే మంచిదని డాక్టర్ చెప్పారు."

"రియల్లీ?"

"ఊఁ. నాన్నకి చెప్పకు. బిల్లు తగ్గితే సర్‌ప్రైజ్ అవుతారు."

దాని ముఖం వెలిగిపోయింది. ఆ వయసు పిల్లలకు అమ్మతో కలిసి దాచుకునే సంగతి కంటే కావలసింది ఏముంటుంది. అప్పటి నుంచి అది దాని పని అయింది. నాలుగవగానే అన్నిటితో పాటు నా మిషన్ కూడా ఆపేది. హాల్లో నా పక్కన కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఏదైనా అడిగితే నేను తలూపేదాన్ని, లేకపోతే ఒక్క మాటలో చెప్పేదాన్ని. కింద గ్యారేజీ తలుపు లేచే చప్పుడు వినగానే పరుగెత్తి మళ్ళీ ఆన్ చేసేది. ట్రాఫిక్‌ను బట్టి ఆయన రావడానికి ఒక్కోరోజు ఆరున్నర, ఒక్కోరోజు ఏడు దాటేది. ఆయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి నా ముక్కుకు గొట్టం ఉండేది, మిషన్ నడుస్తూ ఉండేది. ముఖం పాలిపోయిందని ఆయన అంటే, ఎండ అనేదాన్ని.

తర్వాతి బిల్లు తగ్గింది. ఆయన ఆ సాయంత్రం బూట్లు కూడా విప్పకుండా వచ్చి నా మంచం మీద కూర్చున్నారు.

"చూశావా? నేను చెప్పానా లేదా? నేను వేసుకున్న లెక్క కంటే ఇంకా తగ్గింది."

అమ్మాయి నా వైపు చూసి పెదాలు బిగబట్టి నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన బయటికెళ్ళి ముగ్గురికీ దోసెలు కట్టించుకుని వచ్చారు. ఆ ఏడాది మొత్తంలో మేం ముగ్గురం సంతోషంగా ఉన్న పూట అదొక్కటే. అది ఎలా వచ్చిందో గుర్తొచ్చి, దాన్ని కూడా ఇప్పుడు తలచుకోలేకపోతున్నాను.

శనాదివారాల్లో ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి మిషన్ ఆపేదాన్ని కాదు. ఆ సంగతి మా అమ్మాయికి విడిగా చెప్పాలని నాకు తోచలేదు. మామూలుగా ఆ రెండు రోజులూ సాయంత్రం దానికి డ్యాన్స్ క్లాస్. ఒక శనివారం టీచర్ ఊళ్ళో లేక క్లాసు జరగలేదు. ముగ్గురం హాల్లోనే ఉన్నాం. ఆయన కింద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. అమ్మాయి ఏదో పుస్తకం చదువుకుంటోంది. నాలుగయింది. అది పుస్తకం బోర్లించి లేచింది. ఏసీ ఆపింది. లైటు ఆపింది. తర్వాత నా మంచం పక్కకు వచ్చి, రోజూ చేసే పనిలా వంగి, మిషన్ స్విచ్ నొక్కేసి, మళ్ళీ పుస్తకం దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆయన చేతిలో చొక్కా అలాగే ఉంది.

"ఏం చేశావు తల్లీ?"

"ఫోర్ అయింది కదా నాన్నా. అమ్మ మర్చిపోయింది."

అన్నాక దానికి అర్థమైంది. నా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "సారీ అమ్మా. సర్‌ప్రైజ్ స్పాయిల్ చేశాను" అంది.

ఆయన లేచి మిషన్ ఆన్ చేశారు. గొట్టం నా ముక్కు నుంచి తీసి, చివర తన చెంపకు ఆనించి గాలి వస్తోందో లేదో చూసి, మళ్ళీ నాకు పెట్టారు. "నువ్వు పైకి వెళ్ళు నాన్నా" అన్నారు అమ్మాయితో. అది వెళ్ళింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నారు.

చెప్పాను.

ఆయన అరవలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, ఫోన్ తీసి, మిషన్ వెనకున్న స్టిక్కర్ మీది అంకెలు చూసి లెక్కవేశారు. నేను వద్దన్నాను. వినలేదు.

"రోజుకు డాలర్ కూడా కాదే" అన్నారు. "నువ్వు ఆపినందుకు తగ్గింది డాలర్ కూడా కాదు. మిగతాదంతా ఏసీది."

పైన అమ్మాయి గదిలో ఏ చప్పుడూ లేదు.

ఆ నెలలోనే ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర పరీక్షలున్నాయి. ఊదే పరీక్ష, నడిపించే పరీక్ష. రెంటిలోనూ నేను అంతకుముందు కంటే బాగా తగ్గిపోయాను. నడిపించే పరీక్ష మధ్యలోనే ఆపేశారు. డాక్టర్ అడగకముందే మా ఆయన జరిగిందంతా చెప్పేశారు. దాచకుండా చెబితే ఆవిడ ఏదైనా దారి చూపిస్తుందని ఆయన ఆశ. ఆవిడ ఓపిగ్గా విని, రాసుకుంది.

"దానివల్లే ఇలా అయిందా?" అని అడిగారు ఆయన.

"చెప్పలేం" అంది. "ఈ జబ్బు తనంతట తనే ఇలా దిగిపోతుంది. దానివల్ల కాదనీ అనలేం."

ఆ జవాబుతోనే మేమిద్దరం ఇప్పటికీ కాపురం చేస్తున్నాం.

ఊపిరితిత్తుల మార్పిడి కోసం నన్ను పరీక్షించాల్సిన పెద్దాసుపత్రి వాళ్ళు కూడా ఆవిడ రాసుకున్నది చదివారు. మర్యాదగానే మాట్లాడారు. ఇవ్వడానికి ఊపిరితిత్తులు దొరకడమే కష్టం, దొరికిన వాటిని డాక్టర్లు చెప్పినట్టు చూసుకునేవాళ్ళకే ఇవ్వాలి కదా అన్నారు. వాళ్ళ మాటలో తప్పు వెతకాలని నేను చాలా రోజులు ప్రయత్నించాను, దొరకలేదు. ఆరు నెలలు ఆక్సిజన్ సరిగ్గా వాడితే మళ్ళీ చూస్తామన్నారు. ఆరు నెలలూ స్నానానికి వెళ్ళినా గొట్టం తీయలేదు. కానీ ఆ ఆరు నెలల్లో నేను మనిషిని సగమయ్యాను. మళ్ళీ వెళ్ళినప్పుడు, ఆపరేషన్ తట్టుకునే బలం లేదని లిస్టులో పెట్టలేదు.

ఆ మొదటిసారి వెళ్ళినప్పుడే అక్కడ ఒక సోషల్ వర్కర్ మా ఇంటి సంగతులు అడిగింది. కరెంటు మాట రాగానే, "మీరు మెడికల్ అలవెన్స్‌కి అప్లై చేయలేదా?" అంది. ఇంట్లో ఇలాంటి మిషన్ మీద బతికేవాళ్ళుంటే కరెంటు కంపెనీయే నెలకు కొన్ని యూనిట్లు తక్కువ రేటుకు అదనంగా ఇస్తుందట. డాక్టర్ సంతకం చేసిన ఒక కాగితం చాలట. అది ఎప్పటి నుంచో ఉన్న సదుపాయమేనట.

మా ఆయన తల దించుకుని విన్నారు. ప్లాన్లు పోల్చే పేజీలో అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చిన మనిషి. ఈత కొలనుందా అని అడిగిన పేజీ, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారా అని అడగలేదు. అది వేరే పేజీలో ఉంది. అక్కడికి ఆయన వెళ్ళలేదు, వెళ్ళాలని తెలియదు. పార్కింగ్‌లో కారెక్కాక స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, కారు స్టార్ట్ చేయకుండా కూర్చున్నారు. వెనక ఒకతను మా చోటు కోసం కారు ఆపుకుని చూస్తున్నాడు. "వెళ్దాం అండీ, అతను వెయిట్ చేస్తున్నాడు" అన్నాను. అప్పుడు కదిలారు.

డాక్టర్ ఆ కాగితం మీద అదే వారం సంతకం చేసింది. నెల తిరిగేసరికి అలవెన్స్ వచ్చింది. బిల్లు బాగా తగ్గింది. ఇప్పుడు నాకు ఒక మిషన్ చాలక రెండు కలిపి నడుపుతున్నా, పాత బిల్లంత రావడం లేదు. ఆ తగ్గిన అంకె గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఏడాది పూర్తయ్యాక ప్లాన్ మార్చుకోవచ్చని మెయిల్ వచ్చింది. ఇంకా చవకైన ప్లాన్ ఉందో లేదో నాకు తెలియదు. ఆయన ఆ మెయిల్ తెరవలేదు. పక్కింటి అమ్మాయి మాత్రం వారానికోసారి ఏదో ఒకటి వండి తెస్తుంది. మా మిషన్ కథ ఆమెకు చెప్పలేదు. చెబితే తనే ఆ ప్లాన్ చెప్పిందని జీవితాంతం మోస్తుంది. మోసేవాళ్ళు మా ఇంట్లో చాలినంత మంది ఉన్నారు.

అందరి కంటే ఎక్కువ మోస్తున్నది మా అమ్మాయి. దానికిప్పుడు పదమూడేళ్ళు నిండాయి. నాతో మాట్లాడదని కాదు, అడిగినదానికి చెబుతుంది. ఇంతకుముందు తప్పులతోనైనా తెలుగులో చెప్పేది, ఇప్పుడు అన్నీ ఇంగ్లీషులోనే. నా పక్కన కింద కూర్చుని చదువుకోవడం మానేసింది. డ్యాన్స్ కూడా మానేసింది, ఎందుకని అడిగితే బోర్ కొట్టిందంది. స్కూల్ కౌన్సెలర్ ఒకసారి మా ఆయనకు ఫోన్ చేసి, పాప క్లాసులో ఎవరితోనూ కలవడం లేదని చెప్పింది.

మొన్న ఒకరోజు మా ఆయన సరుకులకు వెళ్ళినప్పుడు దాన్ని పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకున్నాను. ఏం చెప్పాలో రెండు రోజులుగా మనసులో కూర్చుకున్నాను. నీ తప్పు లేదు, నేను అబద్ధం చెప్పాను, డాక్టర్ రెస్ట్ ఇమ్మని ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు చిన్నపిల్లవి, చెప్పినట్టు చేశావు అంతే. ఇదీ చెప్పాల్సింది.

"నీ తప్పు..." అన్నాను. ఊపిరి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాను. "ఆ రోజుల్లో నేను నీకు..." దగ్గు వచ్చింది. దగ్గు మొదలైతే నాకు ఇప్పుడు అంత తొందరగా ఆగదు. అది లేచి, నీళ్ళు తెచ్చి, వీపు మీద చెయ్యి వేసి, మిషన్ మీద గాలి కొంచెం పెంచింది. ఎంత పెంచాలో దానికి బాగా తెలుసు.

"ఇట్స్ ఓకే మామ్. డోంట్ టాక్" అంది.

దగ్గు తగ్గేదాకా నా పక్కనే నిలబడింది. తగ్గాక గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించి, మెట్లెక్కి పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను చెప్పాలనుకున్నది ఇంకా చెప్పలేదు. రోజురోజుకీ ఒక్కో వాక్యానికి నాకు పట్టే ఊపిరి పెరుగుతోంది.